జూన్ 28: యూరప్ రాజకుటుంబాల్లో ఈ తేదీ, ఇలాంటి ఇంకొన్ని తేదీలు

పాతకాగితాలు
జూన్ 28, ఉదయం 7:40

ఈరోజు జూన్ 28 కదా, పొద్దున్నుంచీ ఫోన్ నిండా సరయేవో హత్యల మీద పోస్టులే. 1914లో ఈ రోజున ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నీ ఆయన భార్య సోఫీనీ కాల్చి చంపారు, సరిగ్గా నెలకి జూలై 28న సెర్బియా మీద యుద్ధం ప్రకటించారు, అదే మొదటి ప్రపంచ యుద్ధం అయింది. ఇది స్కూల్లో అందరం చదువుకున్నదే.

నేను చెప్పాలనుకున్నది దానికి 14 ఏళ్ల ముందు సంగతి. 1900 జూన్ 28. అదే జంట, అదే తేదీ. వియన్నాలోని హాఫ్‌బుర్గ్ ప్యాలెస్‌లో ముసలి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఎదుట, వంశంలోని మగవాళ్లు, మంత్రులు, మతగురువులు నిలబడి చూస్తుండగా ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. నేను చేసుకోబోయే అమ్మాయికి మహారాణి హోదా రాదు, మాకు పుట్టే పిల్లలకి సింహాసనం మీద హక్కు ఉండదు అని. సోఫీ ఛోటెక్ ఏమీ లేనింటి పిల్ల కాదు, బొహీమియాలో పాత కులీన కుటుంబం, కౌంటెస్. కానీ రాజ్యమేలే వంశం కాదు కాబట్టి ఆస్ట్రియాని ఏలే హాప్స్‌బుర్గుల లెక్కలో సమానం కాదు. మూడు రోజుల తర్వాత జూలై 1న రైష్‌టాట్‌లో పెళ్లయింది. చక్రవర్తి రాలేదు, పెళ్లికొడుకు సొంత తమ్ముళ్లు కూడా రాలేదు. సవతి తల్లి మరియా తెరేసా మాత్రం ఇద్దరు కూతుళ్లని తీసుకుని వచ్చి నిలబడింది.

ఆ తర్వాత 14 ఏళ్లూ ఆ సంతకం ఆవిడ వెంటే నడిచింది. దర్బారు విందుల్లో భర్త పక్కన నడవడానికి లేదు, వంశంలోని ఆడవాళ్లందరూ, చిన్నపిల్లలతో సహా, వెళ్లాక చివర్న నడవాలి. సరయేవోకి ఆయన సైన్యం ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదాలో వెళ్లాడు, అందుకని అక్కడ ఆవిడ బహిరంగంగా ఆయన పక్కన కారులో కూర్చోగలిగింది. ఆ కూర్చోవడమే చివరిదైంది. ఏ తేదీన ఆవిడని తక్కువ చేశారో అదే తేదీన ఆవిడ ప్రాణం పోయింది. ఇది చదివినప్పటి నుంచీ నాకు జూన్ 28 అంటే ముందు 1900 గుర్తొస్తుంది.

మీకు తెలిసిన ఇలాంటి తేదీలు రాయండి. ఒక్క మాట, అది కాకతాళీయమా లేక ఎవరైనా కావాలని ఆ రోజే పెట్టుకున్నారా అన్నది కూడా చెప్పండి, నాకు ఆ తేడా ముఖ్యం.


నిడదవోలు_కుర్రాడు
జూన్ 28, ఉదయం 8:15

ఈ ప్రమాణం సంగతి నాకు అస్సలు తెలీదండి. వాళ్లిద్దరి ప్రేమ ఎలా బయటపడింది?


రాణివాసం
జూన్ 28, ఉదయం 9:02

తమ్ముడూ, అది గడియారం కథ. సోఫీ అప్పట్లో ఆర్చ్‌డచెస్ ఇసబెల్లా దగ్గర చెలికత్తెగా ఉండేది, అంటే పెద్దింటి పిల్లే అయినా ఉద్యోగం. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వాళ్లింటికి పదే పదే వస్తుంటే, మా పెద్దమ్మాయి కోసమే అని ఇసబెల్లా సంబరపడింది. ఒకరోజు ప్రెస్‌బుర్గ్‌లో (ఇప్పటి బ్రాటిస్లావా) టెన్నిస్ ఆడి ఆయన తన గడియారం అక్కడే మర్చిపోయాడు. ఇసబెల్లా మూత తెరిచి చూస్తే లోపల తన కూతురి ఫొటో బదులు సోఫీ ఫొటో ఉంది. సోఫీ ఉద్యోగం ఆ రోజుతో సరి.

పాతకాగితాలు గారూ, సంతకం ఆవిడ వెంట నడిచింది అన్నారు కదా, చావు తర్వాత కూడా నడిచింది. హాఫ్‌బుర్గ్ చర్చిలో రెండు శవపేటికలూ పక్కపక్కన పెట్టారు కానీ ఆవిడది కిందకి పెట్టారు, ఆయనది ఎత్తున. ఆవిడ పేటిక మీద తెల్ల గ్లవ్స్, విసనకర్ర. అవి చెలికత్తె గుర్తులు. ఈ ఏర్పాట్లు చూసింది దర్బారు అధికారి మోంటెనువోవో. 14 ఏళ్ల కాపురం, ముగ్గురు పిల్లలు, భర్తతో పాటు చావు, ఇన్ని అయినా ఆ అధికారి కళ్లకి ఆవిడ ఇంకా చెలికత్తే. ఇది తలుచుకున్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.


మెట్రో_చదువరి
జూన్ 28, ఉదయం 10:30

మంచి టాపిక్. జూన్ 28కి నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. 1389లో కొసొవో యుద్ధం, సెర్బుల రాజు లాజర్, ఆటోమన్ సుల్తాన్ మురాద్ ఇద్దరూ ఆ రోజే పోయారు. 1491లో ఇంగ్లండ్ ఎనిమిదో హెన్రీ గ్రీనిచ్‌లో పుట్టాడు. 1838లో విక్టోరియా రాణి పట్టాభిషేకం. 1919లో వెర్సాయ్ ఒప్పందం, సరయేవోకి సరిగ్గా అయిదేళ్లకి. 1921లో సెర్బుల, క్రోట్ల, స్లొవీనుల రాజ్యానికి రాజ్యాంగం, దానికి పేరే విదొవ్దాన్ రాజ్యాంగం.


తిథివారం
జూన్ 28, మధ్యాహ్నం 12:48

చదువరి గారూ, మీ జాబితాలో రెండు నిలవవండి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఈ తేదీల లెక్క నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

హెన్రీ పుట్టినప్పుడు ఇంగ్లండ్‌లో పాత జూలియన్ క్యాలెండర్ నడుస్తోంది. ఆ జూన్ 28ని ఇప్పటి క్యాలెండర్‌లోకి మారిస్తే జూలై 7 అవుతుంది, 15వ శతాబ్దంలో తేడా 9 రోజులు. కాబట్టి సూర్యుడి లెక్కన చూస్తే హెన్రీ, విక్టోరియా ఒకే రోజు వాళ్లు కారు, కాగితం మీద అంకె మాత్రం ఒకటే.

కొసొవో ఇంకా విచిత్రం. ఆ యుద్ధం జరిగింది జూలియన్ లెక్కలో జూన్ 15న, సెయింట్ విటస్ పండగ రోజు, విదొవ్దాన్ అంటే అదే. 14వ శతాబ్దంలో తేడా 8 రోజులే, అంటే ఇప్పటి లెక్కకి జూన్ 23. మరి 28 ఎందుకొచ్చింది? సెర్బియా చర్చి ఇప్పటికీ పాత క్యాలెండరే వాడుతుంది. ఇప్పుడు తేడా 13 రోజులు, 15కి 13 కలిపితే 28. 2100 తర్వాత తేడా 14 అవుతుంది, అప్పుడు విదొవ్దాన్ 29కి జరుగుతుంది.

మన ఇళ్లలో పుట్టినరోజు ఇంగ్లీషు తేదీకి, తద్దినం తిథికి చేస్తాం, ఏటా తేదీ మారిందని ఎవరూ గొడవపడరు. ఇదీ అలాంటిదే, పండగని పట్టుకుని వస్తున్నారు, అంకెని కాదు.


పాతకాగితాలు
జూన్ 28, మధ్యాహ్నం 1:25

తిథివారం గారూ, నమస్కారం, ఇలాంటి పోస్టు కోసమే ఈ దారం మొదలుపెట్టాను. హెన్రీని తీసేద్దాం. కొసొవోని మాత్రం తీసేయొద్దు, ఎందుకంటే 1914లో సరయేవోలో ఉన్న సెర్బు కుర్రాళ్లకి ఆ ఆదివారం విదొవ్దానే. 525 ఏళ్ల కిందటి ఓటమిని తలుచుకునే రోజున హాప్స్‌బుర్గుల వారసుడు, అందులోనూ బోస్నియాని 1908లో కలిపేసుకున్న రాజ్యం వారసుడు, తెరిచిన కారులో ఊరేగడానికి వచ్చాడు. సైనిక విన్యాసాలు 26, 27 తేదీల్లో అయ్యాయి కాబట్టి మర్నాడు ఊళ్లోకి రావడం పెట్టుకున్నారు. పెట్టిన వాళ్లకి అది ఖాళీగా ఉన్న ఆదివారం, చూసే వాళ్లకి గుండె మండే రోజు. దీన్ని కాకతాళీయం అందామా, నిర్లక్ష్యం అందామా? నా దృష్టిలో నిర్లక్ష్యమే.

క్యాలెండర్ గొడవ ఇంకో చోట కూడా ప్రాణం మీదకి వచ్చింది. ఆ ఇద్దర్నీ కాల్చిన గవ్రిలో ప్రిన్సిప్‌కి ఉరి పడకపోవడానికి కారణం వయసు. ఆస్ట్రియా చట్టం ప్రకారం నేరం నాటికి 20 నిండని వాడికి మరణశిక్ష లేదు. అతను పుట్టింది 1894 జూలై 13, పాత లెక్కలో, అంటే కొత్త లెక్కలో జూలై 25. కాల్చిన రోజుకి 20 నిండడానికి ఇంకా 27 రోజులుంది. ఒక ప్రభుత్వ రికార్డులో పొరపాటున జూన్ 13 అని పడింది, అది నిజమైతే ఉరే. కోర్టు చర్చి పుస్తకంలోని జూలైనే ఒప్పుకుని 20 ఏళ్ల జైలు వేసింది. తెరెజీన్ కోటలో క్షయతో 1918 ఏప్రిల్ 28న పోయాడు.


కృష్ణాతీరం
జూన్ 28, మధ్యాహ్నం 3:10

విక్టోరియా పట్టాభిషేకం గురించి ఎవరూ రాయలేదేంటి? 19 ఏళ్ల పిల్ల, అయిదు గంటల తంతు, ఒక్కటీ సరిగ్గా రిహార్సల్ చెయ్యలేదు. చిటికెన వేలికి చేయించిన ఉంగరాన్ని ఆర్చ్‌బిషప్ ఉంగరం వేలికి బలవంతంగా ఎక్కించాడు, తర్వాత ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి ఎంతో నొప్పితో తీయాల్సొచ్చింది. ఒక బిషప్ పుస్తకంలో రెండు పేజీలు కలిపి తిప్పేసి అయిపోయిందని చెప్పేశాడు, రాణిని మళ్లీ వెనక్కి పిలిచారు. లార్డ్ రోల్ అనే 80 దాటిన ముసలాయన దండం పెట్టడానికి మెట్లెక్కుతూ దొర్లిపడితే ఆ పిల్ల తనే లేచి ముందుకొచ్చింది. నాకు ఆ రోజు మొత్తంలో నచ్చింది అదే.

ఆవిడ తేదీలకి మన బెజవాడతో సంబంధం ఉంది. గద్దెనెక్కి 50 ఏళ్లు నిండిన 1887లో ఆ ఉత్సవం పేరు మీద మొదలైనదే విక్టోరియా జూబ్లీ మ్యూజియం, ఇప్పటి బాపు మ్యూజియం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా చూపించింది ఆ భవనంలోనే అని మా ఊళ్లో చెప్పుకుంటారు. రాణి వార్షికోత్సవానికి లేపిన గోడల మధ్య ఆ రాజ్యాన్ని పంపించే జెండా వచ్చింది. మా స్కూలు నుంచి తీసుకెళ్లినప్పుడు ఎవరూ ఈ ముక్క చెప్పలేదు, పెద్దయ్యాక తెలిసింది.


రాణివాసం
జూన్ 28, సాయంత్రం 5:40

విక్టోరియా ఇంట్లో అసలు తేదీ డిసెంబర్ 14 కృష్ణాతీరం గారూ. 1861లో ఆ రోజు భర్త ఆల్బర్ట్ పోయాడు, వయసు 42. ఏటా ఆ రోజు కుటుంబమంతా ఫ్రాగ్‌మోర్ సమాధి దగ్గర ప్రార్థనకి చేరాల్సిందే. 17 ఏళ్లకి, 1878లో, సరిగ్గా డిసెంబర్ 14నే కూతురు ఆలిస్ డార్మ్‌స్టాట్‌లో డిఫ్తీరియాతో పోయింది. పిల్లలకి సేవ చేస్తూ తను అంటించుకుంది, చిన్నపిల్ల మే కూడా అంతకు నెల ముందే పోయింది. తండ్రిని చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది కూడా ఈ ఆలిసే.

1895లో మళ్లీ డిసెంబర్ 14న మునిమనవడు పుట్టాడు. కబురు విక్టోరియాకి ఎలా చెప్పాలా అని పిల్లాడి తల్లిదండ్రులకి, తాతకి ఒకటే టెన్షన్. చివరికి పిల్లాడికి ఆల్బర్ట్ అని పేరు పెట్టారు, ముసలావిడ మెత్తబడింది. ఆ పిల్లాడే ఆరో జార్జ్, రెండో ఎలిజబెత్ తండ్రి. ఇందులో ఎవరూ ఏదీ ఎంచుకోలేదు, పాతకాగితాలు గారి లెక్కలో ఇది పూర్తిగా కాకతాళీయం. పేరు మాత్రం ఎంచుకున్నారు.


మెట్రో_చదువరి
జూన్ 28, రాత్రి 8:55

హెన్రీ విషయం ఒప్పుకుంటున్నాను, తిథివారం గారికి థాంక్స్. ఇప్పుడు కావాలని ఎంచుకున్న తేదీలు రాస్తాను, ఇవి పక్కా.

జనవరి 18. 1701లో కోనిగ్స్‌బెర్గ్‌లో ఫ్రెడరిక్ తన చేత్తో తనే కిరీటం పెట్టుకుని ప్రష్యాలో రాజయ్యాడు. 170 ఏళ్లకి, 1871లో, పారిస్ ముట్టడిలో ఉండగా వెర్సాయ్ అద్దాల హాల్లో మొదటి విల్‌హెల్మ్‌ని జర్మన్ చక్రవర్తిగా ప్రకటించడానికి అదే జనవరి 18 పెట్టారు. ఆ రోజు విల్‌హెల్మ్ మొహం మాడ్చుకునే ఉన్నాడు, తనకి "జర్మనీ చక్రవర్తి" అన్న బిరుదు కావాలి, ఆయన ప్రధాని బిస్మార్క్ "జర్మన్ చక్రవర్తి" దగ్గరే ఆపాడు. అందరికీ చెయ్యి కలిపి బిస్మార్క్‌ని దాటుకుని వెళ్లిపోయాడు. ఓడిన ఫ్రాన్స్ ఆ తేదీని మర్చిపోలేదు. 1919లో శాంతి సమావేశాన్ని పారిస్‌లో జనవరి 18నే మొదలుపెట్టి, ఒప్పందం మీద సంతకాలు అదే అద్దాల హాల్లో పెట్టించారు. అవమానాన్ని తేదీ సహా తిరిగి ఇచ్చేశారు.

డిసెంబర్ 2. నెపోలియన్ 1804లో పట్టాభిషేకం, సరిగ్గా ఏడాదికి ఆస్టర్‌లిట్జ్ గెలుపు. అతని అన్న కొడుకు... కాదు, తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ 1851లో తిరుగుబాటుకి ఆ రోజే ఎంచుకున్నాడు, మరుసటి ఏడు అదే రోజున మూడో నెపోలియన్ చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. అన్నట్టు ఫ్రాంజ్ జోసెఫ్ గద్దెనెక్కింది కూడా 1848 డిసెంబర్ 2నే, అది మాత్రం ఊరికే కలిసొచ్చింది.

జనవరి 30. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల నరికిన రోజు, 1649. చలికి వణికితే భయపడ్డాడనుకుంటారని రెండు చొక్కాలు వేసుకున్నాడు. కొడుకు రెండో చార్లెస్ తిరిగొచ్చాక, 1661 జనవరి 30న, ఆ మరణశిక్ష వేయించిన వాళ్లలో ముఖ్యుడు, అప్పటికే చనిపోయి పూడ్చిన క్రామ్‌వెల్ శవాన్ని టైబర్న్‌లో ఉరికొయ్యకి వేలాడదీశారు. 12 ఏళ్లు ఆగి అదే తేదీన. ఆ కొడుకు లండన్‌లోకి వచ్చింది కూడా తన 30వ పుట్టినరోజున, 1660 మే 29.


తిథివారం
జూన్ 28, రాత్రి 9:30

ఒక చిన్న చేర్పు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే చార్లెస్ మరణశిక్ష పత్రం మీద 1648 అని ఉంటుంది. పాత పుస్తకాల్లో 1648 చూసి తప్పనుకోకండి.

ఇంకొకటి కావాలని ఎంచుకున్నది: ఫ్రాన్స్ రాజు పదహారో లూయీని గిలటిన్ చేసింది 1793 జనవరి 21. ఆయన తమ్ముడు రాజయ్యాక 1815 జనవరి 21న ఎముకలు తవ్వించి సెయింట్ డెనిస్ చర్చికి తీసుకెళ్లాడు. రష్యా రాజకుటుంబాన్ని కాల్చింది 1918 జూలై 17, వాళ్ల అవశేషాలని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పూడ్చింది 1998 జూలై 17. అంటే 80 ఏళ్లకి.


గుంటూరు_మిర్చి
జూన్ 28, రాత్రి 10:12

చదివాను అంతా. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ యుద్ధంలో లక్షల మంది పేదోళ్ల పిల్లలు పోయారు, మన దేశం నుంచి కూడా సిపాయిలు వెళ్లి పోయారు. వాళ్ల తేదీలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఒక యువరాజు భార్య శవపేటిక కాస్త కిందకి పెట్టారని ఇంత బాధ అవసరమా?


పాతకాగితాలు
జూన్ 28, రాత్రి 11:05

మిర్చి గారూ, మీరు అడిగింది న్యాయమైన మాట. వాళ్ల తేదీలు వాళ్ల ఇళ్లలో గుర్తుపెట్టుకున్నారు, పుస్తకాల్లోకి రాలేదు, అది నిజంగా లోటే.

కానీ సోఫీ సంగతి నన్ను పట్టుకున్నది ఆవిడ రాజకుటుంబం అయినందుకు కాదు, ఆ కుటుంబం తలుపు దగ్గరే నిలబెట్టినందుకు. పెళ్లికి ముందే పుట్టబోయే పిల్లల హక్కు రాయించుకున్నారు. ఆ పిల్లలు, సోఫీ, మాక్స్, ఎర్నెస్ట్, అమ్మానాన్నలు పోయేనాటికి 12, 11, 10 ఏళ్ల వాళ్లు. 1919లో చెకోస్లొవేకియా ప్రభుత్వం వాళ్లని పెరిగిన కోనొపిష్టే కోట నుంచి పంపించేసింది. వారసులు కారని ఒకప్పుడు రాయించారు, ఇప్పుడు హాప్స్‌బుర్గులని చెప్పి ఇల్లు లాక్కున్నారు. 1938లో నాజీలు ఆస్ట్రియాని మింగినప్పుడు మగపిల్లలిద్దరినీ డాఖౌ క్యాంపుకి పంపారు.

ఇంకో సంగతి, ఆ దర్బారులో సెర్బియాతో యుద్ధం వద్దని గట్టిగా చెప్పిన పెద్దమనిషి ఫ్రాంజ్ ఫెర్డినాండే. సేనాధిపతి కోన్రాడ్ ఎన్నిసార్లు యుద్ధం అన్నా ఈయన అడ్డుపడ్డాడు. మీరు చెప్పిన ఆ లక్షల మంది పిల్లలకీ ఈ కారుకీ సంబంధం అక్కడుంది.


గుంటూరు_మిర్చి
జూన్ 28, రాత్రి 11:20

ఈ చివరి ముక్క నాకు తెలీదు. సరే, ఒప్పుకున్నాను.


నిడదవోలు_కుర్రాడు
జూన్ 29, ఉదయం 7:30

ఆ కారు నంబర్ ప్లేట్ ఏ III 118 అట కదా, అంటే 11-11-18, యుద్ధం ఆగిన తేదీ అని వీడియోల్లో చెప్తున్నారు. నిజమేనా?


వియన్నా_నుంచి
జూన్ 29, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, ప్లేట్ నిజం. ఆ గ్రాఫ్ ఉండ్ ష్టిఫ్ట్ కారు ఇక్కడ సైనిక చరిత్ర మ్యూజియంలో ఉంది, నేను మూడుసార్లు చూశాను. పక్కన తూటా దిగిన రంధ్రం ఉంటుంది, అదే సోఫీకి తగిలింది. ఆయన నీలం కోటు అద్దాల పెట్టెలో ఉంటుంది, గాయం కోసం కత్తిరించిన చోట్లు కనిపిస్తాయి. చూసినప్పుడు నోట మాట రాదు.

తేదీ సంగతి, అది మనం తర్వాత అతికించుకున్న అర్థం. "ఏ" అంటే ఆర్మిస్టిస్ అని చదువుతారు, జర్మన్ భాషలో ఆ మాటే వేరు, ఏ తో మొదలవదు. పైగా ఆస్ట్రియా-హంగరీకి యుద్ధం ఆగింది నవంబర్ 11న కాదు, ఇటలీతో నవంబర్ 3న సంతకం, 4న అమలు. కానీ ఒకటుంది, ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తర్వాత వారసుడై చివరి చక్రవర్తి అయిన కార్ల్ రాజ్యవ్యవహారాల నుంచి తప్పుకుంటున్నానని సంతకం పెట్టింది మాత్రం 1918 నవంబర్ 11నే. ఆ వీడియోల వాళ్లు చెప్పాల్సింది ఇది.


రాణివాసం
జూన్ 29, సాయంత్రం 6:00

వియన్నా గారూ, అది చదివి ఒళ్లు జలదరించింది.

ఈ మధ్య కాలంలో ఒకటి చెప్పి ఊరుకుంటాను. డెన్మార్క్ రాణి రెండో మార్గరెతె 2023 డిసెంబర్ 31 ప్రసంగంలో దిగిపోతున్నానని చెప్పి, 2024 జనవరి 14న కొడుకుకి అప్పగించింది. 1972లో ఆవిడ గద్దెనెక్కింది జనవరి 14నే, సరిగ్గా 52 ఏళ్లు. గద్దెనెక్కడం అంటే ఆవిడకి తండ్రి పోయిన రోజు కూడా. రెండో ఎలిజబెత్‌కి ఫిబ్రవరి 6 అలాగే ఉండేది, ఆ రోజు సంబరాలు పెట్టుకోకుండా ఎక్కువగా తండ్రి పోయిన సాండ్రింగ్‌హామ్‌లోనే గడిపేది. మార్గరెతె ఆ రోజునే తను కూడా పక్కకి జరిగి కొడుక్కి చావు లేని జనవరి 14 ఇచ్చింది. నాకది చాలా గొప్పగా అనిపించింది.


పాతకాగితాలు
జూన్ 29, రాత్రి 8:20

రాణివాసం గారూ, "చావు లేని జనవరి 14", ఇది ఎంచుకున్న తేదీల్లో అన్నిటికన్నా మంచిది. క్రామ్‌వెల్ ఎముకల పక్కన పెట్టి చూస్తే ఎంత తేడా.

వియన్నా గారూ, ఆర్ట్‌స్టెట్టెన్ మీకు దగ్గరే అనుకుంటాను. సోఫీని హాప్స్‌బుర్గుల సమాధుల్లో చేర్చుకోరని ఆయనకి ముందే తెలుసు, అందుకే ఆ కోటలో సొంతంగా సమాధి గది కట్టించుకున్నాడు. వీలైతే ఎప్పుడైనా చూసి రాయండి.


వియన్నా_నుంచి
జూలై 5, రాత్రి 9:45

నిన్న వెళ్లొచ్చానండి, జూలై 4, వాళ్లని అక్కడ పూడ్చిన రోజే కుదిరింది. పోక్లార్న్ స్టేషన్ దగ్గర డాన్యూబ్ దాటి వెళ్లాను. 1914లో రెండు పేటికల్నీ ఇక్కడే రాత్రిపూట ఉరుముల వానలో పడవ మీద దాటించారు, గుర్రాలు బెదిరి పేటికలు నీళ్లలో పడబోయాయట.

సమాధి గది చిన్నది, చల్లగా ఉంది. 1908లో పుట్టగానే పోయిన బాబు కూడా అక్కడే ఉన్నాడు. ఆ ఇద్దరివీ తెల్లరాతి పెట్టెలు, ఒకే రకం, పక్కపక్కన. లాటిన్‌లో ఒక వాక్యం చెక్కారు, పెళ్లితో కలిసినవాళ్లని ఒకే విధి కలిపింది అని. రాణివాసం గారి కోసం ప్రత్యేకంగా వంగి చూశాను. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.